బస్తీ ఇల్లు అమ్మమంటున్నారు

ప్రశ్న: మాది రాయగడ. మా అత్తమామలు ప్రభుత్వ స్థలంలో వేసిన ఇంట్లోనే ఉంటున్నాం. కొన్నేళ్ల కిందట మా బస్తీవాళ్లకు భూమి హక్కు పత్రాలిచ్చారు. రైల్వే డివిజన్ ఆఫీసుకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగాక ఒకాయన ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. స్టాంపు పేపరు మీద సంతకం పెడితే డబ్బిస్తాడట. పక్కింటివాళ్లు ఒప్పుకున్నారు, మా ఆయనా ఊగుతున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: సంతకం పెట్టకండమ్మా. మీ ఆయన్నీ పెట్టనివ్వకండి.

మీ పత్రం 2017లో ఒడిశా చేసిన బస్తీవాసుల భూమి హక్కుల చట్టం కింద వచ్చింది. అది మీ పిల్లలకు చెందుతుంది. ఇంటి లోను కోసం బ్యాంకులో తాకట్టు పెట్టుకోవచ్చు. అమ్మడం మాత్రం కుదరదు. స్టాంపు పేపరు మీద రాసుకున్నా ఆ హక్కు కొనేవాడికి దక్కదు. అందుకే అసలు ధర ఎప్పటికీ ఇవ్వడు. ఆ డబ్బుతో రాయగడలో మళ్లీ గూడు దొరకదు, ఊరి చివరికి పోవాల్సిందే. పెళ్లయినవాళ్లకు పత్రం ఇద్దరి పేరునా ఇస్తారు. మీ పేరుందో లేదో ఈరోజే చూసుకోండి. ఒడియా రాకపోతే చదివే వాళ్లచేత ప్రతి అక్షరం చదివించుకోండి. మన ఇంటిపేరు ముందుంటుంది, అక్కడి రికార్డుల్లో చివర పడుతుంది. ఆధార్‌తో కలవక బ్యాంకులో ఇబ్బంది పడతారు.

పక్కింటివాళ్ల మీద కోపం వద్దు, వాళ్లకేం అవసరం వచ్చిందో కనుక్కోండి. వరసగా నాలుగిళ్లు ఖాళీ అయితే మిగతావాళ్ల మీద ఒత్తిడి మొదలవుతుంది. 2018 నుంచి జగా మిషన్ కింద, అంటే ఈ పత్రాలిచ్చే ఒడిశా ప్రభుత్వ పథకం కింద, బస్తీల్లో సంఘాలు పెట్టించారు కదా, మీ సంఘాన్ని ఈ వారమే కూర్చోబెట్టండి. ఎవరూ ఇల్లు వదలకూడదని తీర్మానం రాసి సంతకాలు తీసుకోండి, ఒక కాపీ మున్సిపాలిటీలో ఇచ్చి రసీదు పుచ్చుకోండి. పర్లాకిమిడి బస్తీల్లో నేను చూసిన మీటింగుల్లో ఆడవాళ్లు గుమ్మం దగ్గరే నిలబడేవారు. మీరు ముందు వరసలో కూర్చోండి.

అద్దెకున్నవాళ్లను కూడా పిలవండి. స్టేషన్ దగ్గర టిఫిన్ బండ్లు పెట్టేవాళ్లకు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు ఏ పత్రమూ లేదు. రేట్లు పెరిగితే మొదట రోడ్డున పడేది వాళ్లే. ఏడాదిపాటు అద్దె పెంచబోమని ఇళ్లున్నవాళ్లు మాటివ్వాలి. ఇది నేను గట్టిగా అడుగుతున్నాను.

పట్టాల పక్కన రైల్వే స్థలంలో ఉన్నవాళ్ల సంగతి వేరు. ఆ భూమి కేంద్రానిది, దానికి రాష్ట్రం హక్కు పత్రం ఇవ్వడం కుదరదు. అయినా నోటీసు ఇచ్చి, వాళ్ల మాట విన్నాకే ఖాళీ చేయించాలని 1985లో బొంబాయి ఫుట్‌పాత్‌వాసుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు వస్తే పారేయకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తీసుకెళ్లమనండి. వకీలును ఉచితంగా ఇస్తారు.