ఎవరి పొలం వాళ్లిష్టం కదా, పల్లెటూళ్లకి భూ వినియోగ ప్రణాళిక ఎందుకు?

మీ మావయ్యగారు రెండెకరాలు చేపల చెరువుకి లీజుకిద్దామనుకుంటే ఊళ్లోవాళ్లు అడ్డుపడుతున్నారని రాశారు. సొంత భూమి మీద ఆ మాత్రం హక్కు లేదా, ప్రణాళికలూ జోన్లూ పట్నాలకి కదా, పల్లెటూరికి ఎందుకు అని అడిగారు. మాది భీమవరానికీ ఆకివీడుకీ మధ్య ఒక ఊరు. కాలువ చివర శివారు భూములు మావి, వరి పండించే కుటుంబం. అందుకని నేను తటస్థంగా మాట్లాడలేను, ముందే చెప్పేస్తున్నాను.

ప్రణాళికలు పట్నాలకి అన్న మాట దగ్గరే నాకు పేచీ. గోదావరి డెల్టాలో ప్రణాళిక లేని సెంటు భూమి లేదండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాని కింద కాలువలు ఎక్కడపడితే అక్కడ తవ్వలేదు. మిట్టల మీదుగా కాలువ పోతుంది, పల్లాల వెంట మురుగు, అంటే చేలల్లో ఎక్కువైన నీళ్లు, పోతుంది. కాలువకి తూము, తూము కింద బోదె (పిల్ల కాలువ), బోదెలోంచి చేలోకి, ఆ చేలోంచి దిగువ చేలోకి, చివరికి మురుగు కోడులో (చిన్న మురుగు కాలువలో) పడి పెద్ద డ్రెయిన్‌లోకి, అక్కణ్ణుంచి ఉప్పుటేరుకో సముద్రానికో. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి దాదాపు 10 లక్షల ఎకరాలు ఇలా ఒకదాన్ని పట్టుకుని ఒకటి బతుకుతున్నాయి. పాసుపుస్తకంలో మీ మావయ్యగారి సర్వే నంబరు విడిగానే ఉంటుంది, కానీ నీళ్లకి ఆ హద్దురాళ్లు తెలియవు. ఎగువ చేను ఎలా ఉందన్నదాన్ని బట్టి దిగువ చేను ఉంటుంది, దిగువన దారి మూసుకుపోతే ఎగువ చేను మునుగుతుంది. ఇది మెట్ట ప్రాంతం వాళ్లకి చెప్తే ఒక పట్టాన అర్థం కాదు. అక్కడ ఎవరి బోరు వాళ్లది.

ఇక మావయ్యగారిని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. వరి మీద మిగిలేది ఎంతో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎరువులు, దమ్ము, ఊడ్పు, కోత మిషను, ధాన్యం తోలుకెళ్లాక తేమ ఎక్కువుందని కోత, డబ్బులు ఎప్పుడు పడతాయో అన్న టెన్షన్. 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్ వరి) వెయ్యం పొమ్మని వేల ఎకరాలు ఖాళీగా వదిలేసి పంట విరామం ప్రకటించారు. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందాతో కమిటీని వేసింది. అప్పుడు టీవీల్లో అందరూ గిట్టుబాటు ధర గురించే మాట్లాడారు గానీ, వాన పడితే చేలోంచి నీళ్లు బయటికి పోవడం లేదు అన్నది కూడా అక్కడి రైతుల మొరల్లో పెద్దదే. వరి నష్టం సగం మురుగు పారకపోవడం వల్లే అని నా గట్టి నమ్మకం. మురుగు బాగుపడితే ఈ చెరువుల మోజు సగం తగ్గుతుంది.

మా ఊళ్లో జరిగింది చెప్తాను. మా చేలకీ మురుగు కోడుకీ మధ్య నాలుగెకరాల చెక్క ఒకటి ఉండేది. ఆసామి హైదరాబాద్‌లో ఉంటారు. వేసవిలో కాలువలు కట్టేశాక ఒక రాత్రి పొక్లెయిన్ దిగింది, లైట్లు వేసుకుని తవ్వారు. మేం తేరుకునేసరికి నాలుగు వైపులా మనిషెత్తు గట్టు లేచింది. అడిగితే పర్మిషన్ ఉంది అన్నారు. అభ్యంతరాలుంటే చెప్పమని పంచాయతీ ఆఫీసులో నోటీసు అంటించారట, గడువు కూడా దాటిపోయిందట. మా నాన్న రోజూ ఆ ఆఫీసు ముందునుంచే పాలకేంద్రానికి క్యాను పట్టుకెళ్తాడు, ఒక్కరోజు కూడా ఆ కాగితం ఆయన కంటపడలేదు. మీ మురుగు పోవడానికి గట్టు కింద గొట్టం వేశాం కదా అని లీజుదారు ఒక సిమెంటు గొట్టం చూపించాడు. ఎకరాలకెకరాల నీళ్లు పోవడానికి ఆ ఒక్క గొట్టం.

ఆ సార్వాకి స్వర్ణ రకం వరి వేశాం. నాట్లు అప్పుడప్పుడే నిలదొక్కుకుని పచ్చబడుతున్నాయి, అల్పపీడనం పట్టింది. ఒక అర్ధరాత్రి మా పొలం కౌలుకి చేసే బాబాయ్ ఫోన్ చేశాడు (చుట్టం కాదు, చిన్నప్పటినుంచీ నేనలాగే పిలుస్తాను), "అబ్బాయ్, నాట్లు కనపడ్డం లేదురా, నీళ్లే కనపడుతున్నాయి" అని. టార్చిలైట్లు పట్టుకుని వెళ్లాం. చెరువు గట్టు దగ్గర మా చేల నీళ్లన్నీ వచ్చి ఆగిపోయి ఉన్నాయి. గొట్టానికి గుర్రపుడెక్క అడ్డం పడింది, అవతలివైపు కోడు కూడా నిండిపోయి ఉంది. పక్క చేను ఆయన గునపం తెచ్చాడు, గట్టు కొట్టేస్తాను, ఎవడొస్తాడో చూస్తాను అని. చెరువు కాపలా ఉండే కుర్రాడు ఏజెన్సీ నుంచి పెళ్లాం బిడ్డతో వచ్చి గట్టు మీద పాకలో ఉంటున్నాడు. ఆ కుర్రాడు గట్టుకి అడ్డంగా కూర్చుని "నన్ను పొడిచి అప్పుడు కొట్టండి బాబూ, గట్టు తెగితే నా జీతంలో పట్టుకుంటారు" అని ఏడ్చాడు. ఇంతలో లీజుదారు బండేసుకుని వచ్చాడు. మేం తిడితే తిరిగి తిట్టలేదు. పిల్ల వేసి నెలైందని, మేత బాకీ ఉందని, చేప బయటికి పోతే తను ఉరేసుకోవాల్సిందేనని చేతులు పట్టుకున్నాడు. గట్టుకి ఇటు మేం, అటు వాళ్లు, అందరూ అప్పుల్లోనే ఉన్నారు, అందరూ భయపడుతున్నారు. పర్మిషన్ కాగితం మీద సంతకాలు పెట్టినవాళ్లు ఒక్కరూ ఆ వానలో లేరు.

చివరికి బాబాయే చొక్కా విప్పి గుండెల్లోతు నీళ్లలో దిగి చేతుల్తో ఆ డెక్క లాగాడు. తెల్లారేదాకా లాగాడు. నీళ్లు కదిలాయి గానీ కోడే నిండిపోయి ఉంటే ఎంతని కదులుతాయి? నాట్లు కుళ్లిపోయాయి. మళ్లీ ఊడుద్దామంటే నారు లేదు, తణుకు వైపు నుంచి కొనుక్కొచ్చి సగం చేలోనే వేశాం, ఆ పంట గడ్డికి తప్ప ఎందుకూ రాలేదు. నష్టపరిహారం రాసుకోవడానికి వచ్చినవాళ్లు నాన్న పేరు రాసుకున్నారు, ఎందుకంటే రికార్డులో ఆయనే ఉన్నాడు. పెట్టుబడి పెట్టింది, రాత్రంతా నీళ్లలో నిలబడింది బాబాయ్. ఆ డబ్బు మేం ఆయనకే ఇచ్చాం, అది వేరే సంగతి. ఇవ్వని ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

తర్వాత ఏమైందో మీరు ఊహించగలరు. చెరువు నీరు ఏడాది పొడుగునా ఊరుతుంటే ఆనుకున్న చేలు ఆరవు, కోత మిషను దిగదు. ముందు పక్క చేను ఆయన చెరువుకి ఇచ్చేశాడు, గునపం తెచ్చిన మనిషే. ఆ తర్వాత ఆయన పక్కాయన. ఇష్టపడి ఇచ్చినవాళ్లు ఒకరో ఇద్దరో, మిగతావాళ్లు వరి వెయ్యలేక ఇచ్చారు. అందుకే "ఎవరిష్టం వాళ్లది" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మొదట తవ్వినవాడికి ఇష్టం ఉంది, తర్వాతవాళ్లకి అది కూడా లేదు. చెరువు వచ్చిన చోట ఊడ్పు ముఠాకి పనిలేదు, నాలుగెకరాలకి ఒక కాపలా మనిషి చాలు. గడ్డి లేదు కాబట్టి పాడి పోయింది. బాబాయ్ ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్. ఇవేవీ ఆ పర్మిషన్ ఫైల్లో ఏ కాలమ్‌లోనూ రాయరు.

ప్రణాళిక ఆలస్యమైతే ఏమవుతుందో చూడాలంటే కొల్లేరు చాలు. 1999లో +5 కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అని గీత గీశారు. అప్పటికే సరస్సు నిండా చెరువులు ఉన్నాయి, సొసైటీలు పెట్టించి చేపలు పెంచమన్నది కూడా ఒకప్పుడు ప్రభుత్వమే. గీత గీశాక కూడా చెరువులు ఆగలేదు. 2006లో యంత్రాలు తెచ్చి గట్లు కొట్టేశారు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు వచ్చిపడే చోటు అది, ఉప్పుటేరు తప్ప బయటికి దారి లేదు, గట్లు కట్టకూడని చోటే. అది నేను ఒప్పుకుంటాను. కానీ ముందే చెప్పి ఉంటే అప్పులు చేసి గట్లు కట్టేవాళ్లా? కోనసీమలో శంకరగుప్తం డ్రెయిన్ వెంట చూడండి, సముద్రం పోటు నీళ్లు ఎగదన్ని కొబ్బరితోటల్లోకి వచ్చి, మొవ్వులు ఎండి చెట్లు మోడులవుతున్నాయి. అక్కడ తోటల రైతు చేసిన పాపం ఏంటి? తన తోటలో తను కొబ్బరే పెంచాడు, వేరే ఏమీ మార్చలేదు.

నా మాట ఏంటంటే, డెల్టాలో భూమిని సర్వే నంబరు లెక్కన చూడకూడదు, డ్రెయిన్ లెక్కన చూడాలి. ఒక మురుగు కోడు కింద ఉన్న భూమి మొత్తం ఒక యూనిట్. ఆ మొత్తానికి కలిపి ఎక్కడ వరి, ఎక్కడ చెరువు, ఎక్కడ ఇళ్లు అని తేల్చాలి. చెరువులు ఉండకూడదని నేననను. చౌడు తేలిన పల్లపు భూములు ఉంటాయి, అక్కడ వరి ఎలాగూ పండదు, అలాంటివి ఒక చోట చేర్చి, నీళ్లు తెచ్చుకునే దారి, వదిలే దారి వరి చేలతో సంబంధం లేకుండా విడిగా పెట్టాలి. వరి మధ్యలో ఒక చెక్క, కొబ్బరి పక్కన ఒక చెక్క ఇవ్వడం మాత్రం కుదరదు. రొయ్యల చెరువైతే మరీను. ఉప్పు బోరు నీళ్లు రొయ్యల పట్టుబడి అయ్యాక ఎక్కడికి వదులుతారు? పంట బోదెలోకి వదిలినవాళ్లని నేను కళ్లారా చూశాను, ఆ బోదె నీళ్లే దిగువ ఊరి మంచినీళ్ల చెరువుకి పోతాయి.

ఇదేదో కొత్త కోరిక కాదు. రాజ్యాంగంలో 243జెడ్‌డి అధికరణం ఉంది, జిల్లా ప్రణాళికా కమిటీ పంచాయతీల ప్లాన్లనీ మున్సిపాలిటీల ప్లాన్లనీ కలిపి జిల్లాకి ఒక ప్రణాళిక చెయ్యాలని, అందులో స్థల ప్రణాళికనీ నీటి పంపకాన్నీ చూడాలని రాసి ఉంది. 1997 చట్టం ప్రకారం నీటి సంఘాలు పెట్టినప్పుడు వాటి హద్దులు నీటి పారుదలని బట్టే గీశారు. అంటే నేను అడిగే యూనిట్ సగం ఇప్పటికే కాగితం మీద ఉంది. పారే నీళ్లకి గీసిన గీత మురుగుకి కూడా గీసి, చెరువు పర్మిషన్‌కి ఆ కోడు కింద సాగుచేసేవాళ్లందరి సమ్మతి ఉండాలని పెడితే చాలు. సాగుచేసేవాళ్లు అన్నాను, పట్టాదారులు అనలేదు. కౌలు రైతుకి ఓటు లేకపోతే ఆ సమ్మతికి అర్థమే లేదు. ఆక్వాకి 2020లో ప్రత్యేకంగా చట్టం తెచ్చి ఒక ప్రాధికార సంస్థని పెట్టారు, మురుగు పారాల్సిన కోడుకి మాత్రం ఇంతవరకూ దిక్కులేదు.

ఇక్కడ చెరువుల్నే అంటున్నాను గానీ లేఅవుట్లు ఏం తక్కువ? భీమవరం చుట్టుపక్కల రోడ్డు పక్కన పచ్చటి చేలో మెరక తోలి, జెండాలు పాతి, మధ్యలో ఉన్న మురుగు బోదెని పూడ్చి దాని మీద సిమెంటు రోడ్డు పోస్తారు. వెనకాల చేలకి దారి ఏదంటే సమాధానం చెప్పేవాడుండడు. పేదలకి ఇళ్ల స్థలాలు ఇస్తే అవి కూడా ఊళ్లో అన్నిటికన్నా పల్లపు చేలోనే ఇస్తారు, వానాకాలం గుమ్మంలో నీళ్లు. పైగా 2022లో జిల్లాలు విడగొట్టాక ఒకే డ్రెయిన్ ఒక జిల్లాలో పుట్టి ఇంకో జిల్లాలో తేలుతోంది, అర్జీ పట్టుకెళ్తే మాది కాదంటే మాది కాదంటారు.

మీ మావయ్యగారి సంగతికి వస్తాను. ఆయనకి లీజు డబ్బు అవసరమే అయ్యుండొచ్చు. సంతకం పెట్టేముందు ఆ రెండెకరాలు ఏ బోదె కింద ఉన్నాయో, మురుగు ఎవరి చేలోంచి పోతోందో, చుట్టూ ఇప్పటికే చెరువులున్నాయా లేక అన్నీ వరి చేలేనా అన్నది చూసుకోమనండి. చుట్టూ చెరువులే అయితే నేనేమీ అనను, అక్కడ వరి ఎలాగూ బతకదు. చుట్టూ వరే ఉంటే మాత్రం ఊళ్లోవాళ్లు అడ్డుపడ్డం న్యాయమే. అవతలి పక్షాన, అంటే చెరువుకి అడ్డుపడే పక్షాన, ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, పంచాయతీ నోటీసు బోర్డు వారానికోసారి చూస్తూ ఉండండి. అభ్యంతరం నోటితో చెప్పకండి, కాగితం మీద రాసి, ఇచ్చినట్టు స్టాంపు వేయించుకోండి. మీ డ్రెయిన్ మ్యాపు కాపీ కావాలని సమాచార హక్కు కింద ఇరిగేషన్ ఆఫీసుకి దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు చెప్పాలి. మాకు వచ్చిన మ్యాపులో మా మురుగు కోడు వెడల్పు ఇప్పుడున్నదానికి రెట్టింపు ఉంది. ఆ కాగితం చేతిలో ఉన్నాకే అధికారులు మా ఊరికి వచ్చి కొలతలు వేశారు.