దారిన పోయేవాళ్లు తీసుకుని చదువుకునేందుకు ఇంటి ముందు పెట్టే పుస్తకాల పెట్టెకు గాలి కన్నాలు అవసరమా?

అవసరమే, ఎటునుంచీ గాలి ఆడకుండా బిగించేసిన చెక్క పెట్టెలో పుస్తకాలకు బూజు పట్టే అవకాశం ఎక్కువ.

దీనికి వానొక్కటే కారణం కాదు, కాగితంలోనే తేమ ఉంటుంది. మామూలు వాతావరణంలో కాగితం తన బరువులో సుమారు 6 శాతం నీటిని పట్టి ఉంచుతుంది. అంటే 10 కిలోల పుస్తకాలు సర్దితే అరలీటరుకు పైగా నీళ్లు కూడా లోపల పెట్టినట్టే! పగటి ఎండకు అందులో కొంత ఆవిరవుతుంది. రాత్రి పైకప్పు, తలుపు అద్దం ముందుగా చల్లబడతాయి కాబట్టి ఆవిరి వాటికి పట్టి చుక్కలు కడుతుంది. పొద్దున్నే అద్దం లోపలివైపు మసకబారి, చుక్కలు జారి కింది వరస పుస్తకాల అట్టలు ఉబ్బాయంటే ఇదే సంగతి.

పక్క పలకల్లో చూరు కింద రెండేసి, అడుగు పలకలో రెండు కన్నాలు 12 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో వేస్తే గాలి కింద దూరి పైనుంచి పోతుంది. పురుగులు రాకుండా లోపల సన్నటి జాలీ కొట్టాలి. జల్లు భయం ఉంటే కప్పు అంచును 5 సెంటీమీటర్లు బయటికి పొడిగించండి.

చాలామంది పొరపడేది సీలెంట్ (సందులు పూడ్చే పూత) విషయంలో. కప్పు అతుకులకు అది పూయాల్సిందే. పెట్టె మొత్తం మూసేస్తే మాత్రం వాన ఆగుతుంది గానీ, లోపలి తేమకు బయటపడే దారి ఉండదు.