పెళ్లై నాలుగు నెలలే... పార్ట్‌నర్ వీసా వస్తుందా?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. పెద్దలు కుదిర్చిన సంబంధం. నాలుగు నెలల కిందట పెళ్లయింది, రిజిస్ట్రేషన్ కూడా చేయించాం. మా వారికి ఆస్ట్రేలియా పీఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంది. పద్దెనిమిది రోజులు కలిసి ఉన్నాం, సెలవు అయిపోయి ఆయన మెల్‌బోర్న్ వెళ్లిపోయారు. ఏడాది కాపురం చూపించకపోతే వీసా రాదట. పాత తేదీతో అద్దె అగ్రిమెంటు రాయిస్తానని ఏజెంటు అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ అద్దె అగ్రిమెంటు మాట మరిచిపోండి. దొంగ కాగితం అని తేలితే వీసా పోవడమే కాదు, మూడేళ్ల దాకా మళ్లీ వీసా రాకుండా నిషేధం పడవచ్చు. కట్టిన ఫీజూ తిరిగి రాదు. చేతిలో నిజమైన పెళ్లి పెట్టుకుని ఇంత ప్రమాదం ఎందుకు తెచ్చుకోవాలి?

ఏడాది నిబంధన ఉన్న మాట నిజమే. అది పెళ్లి చేసుకోకుండా కలిసి ఉంటున్న జంటలకు. చట్టప్రకారం పెళ్లయిన వాళ్లకు ఆ గడువు లేదు. మీరు ఇక్కడి నుంచే సబ్‌క్లాస్ 309 అనే పార్ట్‌నర్ వీసాకి దరఖాస్తు చేసుకోవచ్చు. అది తాత్కాలిక వీసా. దరఖాస్తు చేసిన రెండేళ్లకు సాధారణంగా శాశ్వత వీసా, అంటే సబ్‌క్లాస్ 100, పరిశీలనకు వస్తుంది.

అయితే సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. డబ్బు వ్యవహారాలు, ఇంటి బాధ్యతలు, నలుగురిలో గుర్తింపు, ఒకరికొకరు కట్టుబడి ఉండటం, ఈ నాలుగూ అధికారి చూస్తారు. ఆయన పంపే డబ్బు మీ ఖాతాలో పడిన స్టేట్‌మెంట్లు, రోజూ మాట్లాడుకున్నట్టు చూపే కాల్ లిస్టు, ఆయన టికెట్లు, శుభలేఖ దాచండి. మొన్న ఒకమ్మాయి నా దగ్గరికి నాలుగు వందల పెళ్లి ఫోటోలు తెచ్చింది. అన్నీ ఇద్దరూ ఫోజులిచ్చినవే. అప్పగింతల్లో పాలల్లో తడిసిన ఆమె చేతులు అత్తగారి చేతుల్లో ఉన్న ఫోటో అడుగున ఎక్కడో ఉంది. చుట్టూ రెండు కుటుంబాలూ ఉన్నాయి. అలాంటిది ముందు పెట్టాలి.

మీ బంధం తెలిసిన అక్కడి పౌరులో, పీఆర్ ఉన్నవాళ్లో ఇద్దరిచేత ఫారం 888, అంటే మీ బంధం నిజమని చెప్పే సాక్షి వాంగ్మూలం, రాయించండి. మీరిద్దరూ విడివిడిగా, సొంత మాటల్లో రాయండి: పెళ్లిచూపులు ఎప్పుడు జరిగాయి, ఎవరు కుదిర్చారు, ఉద్యోగం వల్ల ఎందుకు దూరంగా ఉంటున్నారు. పద్దెనిమిది రోజులే కలిసి ఉన్నామని దాచకుండా చెప్పండి. ఈ దూరం శాశ్వతం కాదని తెలిస్తే చాలు.

పాస్‌పోర్టులో, పెళ్లి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు స్పెల్లింగ్ అక్షరం అక్షరం సరిచూసుకోండి. మన దగ్గర ఎక్కువగా తేడా వచ్చేది అక్కడే. వీసా దరఖాస్తు పెట్టే ఆన్‌లైన్ అకౌంటు పాస్‌వర్డ్ ఏజెంటు చేతిలో పెట్టకండి. సబ్మిట్ చేసే ముందు ప్రతి పేజీ మీరే చదువుకోండి.