ఎల్‌ఈడీ బల్బు ఏడాదికే పోతే తప్పు బల్బుదేనా?

డబ్బా మీద 25,000 గంటలు అని ఉన్న ఎల్‌ఈడీ బల్బు ఏడాది తిరక్కుండానే ఎందుకు పోతోంది, దీనికన్నా పాత ఫిలమెంట్ బల్బులే నయం కదా అని అడిగారు. నయం కాదండీ. రోజుకు 5 గంటలు వేసుకుంటే 25,000 గంటలంటే 13 ఏళ్లు దాటాలి, అన్నేళ్లు వెలిగిన బల్బును నేనూ చూడలేదు, ఒప్పుకుంటా. కానీ నన్నడిగితే పదింట తొమ్మిది బల్బులను చంపేది వీధిలో కరెంటు, ఇంట్లో వైరింగు, మన ఎండ.

మాది ప్రొద్దుటూరు. మొన్న వేసవిలో ఒక సాయంత్రం గాలివాన వెలిసి కరెంటు వచ్చింది. రావడం రావడమే ఫ్యాను ఎన్నడూ లేనంత జోరుగా తిరుగుతోంది, దేవుడి గదిలో మా అమ్మ పట్టుబట్టి ఉంచుకున్న జీరో బల్బు తెల్లగా మండి టప్పున పోయింది, హాల్లో ఎల్‌ఈడీ రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది, ఒకటే కాలిన వాసన. వాకిట్లోకి వచ్చి చూస్తే ఎదురింటి పంచలో ఫిలమెంట్ బల్బు ఎర్రగా, వెలగాలా వద్దా అన్నట్టుంది. ఆ ఇంటి పెద్దాయన అక్కడినుంచే అరిచినాడు, "ఒరేయ్, మెయిన్ ఆపురా ముందు!" అని. స్తంభం మీద న్యూట్రల్ తీగ, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, తెగింది. అది తెగితే రెండు ఫేజుల, అంటే కరెంటు తెచ్చే తీగల, మధ్య ఉండే 400 వోల్టులను వాటి మీదున్న ఇళ్లు లోడును బట్టి పంచుకుంటాయి. కూలరు, ఫ్రిజ్ ఆడుతున్న వాళ్లింటికి తక్కువ వచ్చింది, పెద్దగా ఏమీ వేసుకోని మా ఇంటికి మిగతాదంతా వచ్చి పడింది. చూశారుగా, మా జీరో బల్బూ ఫిలమెంట్‌దే, అదీ బతకలేదు! అసలు వోల్టేజీ 5 శాతం పెరిగినా దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. అన్నట్టు జీరో బల్బు అంటే సున్నా కరెంటు అనుకుంటారు మనోళ్లు, అది 15 వాట్ల దాకా లాగుతుంది.

పోయిన ఎల్‌ఈడీ పైన తెల్ల మూత ఊడదీసి చూశా. దీపాల పలక మీద ఒక్క నల్ల చుక్క లేదు. కింద డ్రైవర్ బోర్డులో, అంటే ఇంటి కరెంటును ఆ దీపాలకు సరిపడేలా మార్చే దాంట్లో, చిటికెన వేలి గోరంత కెపాసిటర్ మాత్రం తల ఉబ్బి పగిలి ఉంది. చాలాచోట్ల ఇదే కథ, ఎక్కువగా ముందు పోయేది డ్రైవరే. దానికి వేడి అసలు పడదు. మేలో మా మిద్దె కింద మనుషులే ఉండలేరు, అలాంటిది ఇప్పుడు అందరికీ ఫాల్స్ సీలింగ్ పిచ్చి. గాలాడని గాజు బుడ్డిలో బల్బు బిగించి, ఆర్నెల్లకే పోయిందని షాపాయనతో కొట్లాట.

ఇంకోటి, స్విచ్ ఆపినా బల్బు మినుకుమినుకుమంటోందని చాలామంది అంటారు. చాలా ఇళ్లలో ఎలక్ట్రీషియన్ స్విచ్‌ను ఫేజుకు పెట్టకుండా న్యూట్రల్‌కు పెట్టి పోయుంటాడు, అప్పుడు స్విచ్ ఆపినా బల్బు దాకా కరెంటు ఉంటుంది. టెస్టర్ పెట్టి చూపించినా "ఏం కాదులే సార్" అంటారు. మార్చేటప్పుడు షాక్ కొట్టేది వాళ్లకు కాదు కదా!

ఇక ఎవరో ఒకరు 1924లో జెనీవాలో కంపెనీలు కూడబలుక్కుని బల్బు ఆయుష్షును 1,000 గంటలకు కుదించిన సంగతి ఎత్తుతారు. అది నిజమే. అమెరికాలో లివర్‌మోర్ ఫైర్ స్టేషన్‌లో 1901 నుంచి వెలుగుతున్న బల్బూ నిజమే, కాకపోతే అది ఇచ్చేది 4 వాట్ల బల్బంత వెలుతురు. ఫిలమెంట్‌ను ఎక్కువ కాలం బతికించాలంటే మసగ్గానే వెలిగించాలి.

లెక్క చూడండి. రోజుకు 5 గంటలకు 60 వాట్ల పాత బల్బు నెలకు 9 యూనిట్లు తింటుంది, అదే వెలుతురిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీ యూనిట్టున్నర కూడా తినదు. ఏడాదికే పోయినా మిగిలేది మీకే. కొన్నప్పుడు బిల్లు పారేయకుండా, బల్బు మెడ మీద మార్కర్‌తో తేదీ రాసి పెట్టుకోండి. తేదీ చూస్తే వారంటీ ఉందో లేదో తెలుస్తుంది, ఉంటే బిల్లు చూపించి మార్చమని అడగొచ్చు.