చీనీ తోటకు తేమ సెన్సార్లు పెట్టాలా? ముందు గేటు వాల్వులు చూడండి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. నాలుగెకరాల ఎర్ర గరప నేలలో ఏడేళ్ల చీనీ (బత్తాయి) తోట, ఒకటే బోరు, డ్రిప్పు ఉన్నాయి. సెల్ స్టార్టర్ (ఫోన్‌తో మోటారు ఆన్, ఆఫ్ చేసే పెట్టె) పెట్టాక కరెంటున్న 9 గంటలూ మోటారు ఆడుతోంది. అయినా చివరి వరుసల చెట్లు వాడుతున్నాయి, ముందు వరుసల్లో మొదళ్ల దగ్గర బంక కారుతోంది. తేమ సెన్సార్లు, ఆటోమేటిక్ వాల్వులు పెడితే నీళ్లు మిగులుతాయా?

జవాబు: మిగులుతాయి. కానీ ఇప్పటి పద్ధతి మీదే వాటిని బిగిస్తే డబ్బు దండగ. మీరు నాలుగెకరాల గేటు వాల్వులూ ఒకేసారి తెరిచి ఉంచుతున్నట్టున్నారు. బోరు నీళ్లు అన్నిటికీ చాలక ప్రెషర్ పడిపోతుంది. ముందు చెట్ల మొదళ్లు నాని బంక కారుతాయి, చివరివి ఎండుతాయి. సెల్ స్టార్టర్ మీకు పొలానికి పరుగెత్తే టెన్షన్ తప్పించింది. ఎప్పుడు ఆపాలో మాత్రం అది చెప్పదు.

6 మీటర్ల ఎడంలో నాటి ఉంటే ఎకరాకు సుమారు 111 చెట్లు. కొమ్మల గొడుగు 4 మీటర్ల వెడల్పుంటే, రోజుకు 10 మి.మీ. నీరు ఆవిరయ్యే ఎండల్లో చెట్టుకు దాదాపు 60 లీటర్లు కావాలి. గంటకు 8 లీటర్లిచ్చే డ్రిప్పర్లు నాలుగుంటే రెండు గంటలు చాలు. ఎకరా తర్వాత ఎకరా తడిపితే 8 గంటల్లో తోటంతా అయిపోతుంది. ఇందుకు బోరు 200 లీటర్ల డ్రమ్మును 3 నిమిషాల 20 సెకన్లలోపు నింపాలి. ఈ పరీక్ష రేపే చేయండి. అంత నీరు లేకపోతే అరెకరా చొప్పున వంతులు వేసి, మొదలుకు తగలకుండా పాదుల్లో వేరుశనగ పొట్టు పరవండి.

ఇక సెన్సార్లు. నేనైతే ముందు రెండు టెన్షియోమీటర్లతో (నేల తేమను చూపే గొట్టం మీటర్లు) మొదలుపెట్టమంటాను. డ్రిప్పరుకు జానెడు దూరంలో ఒకటి 30 సెం.మీ., ఇంకొకటి 60 సెం.మీ. లోతులో పెట్టండి. గరప నేలలో చుట్టూ గాలి సందు మిగిలితే రీడింగు తప్పుతుంది. అందుకే ఆ గుంత మట్టినే జల్లించి, బురదగా కలిపి పోసి దించండి. పొద్దున్నే చూడండి. అంకె పెరిగేకొద్దీ నేల ఆరినట్టు. పైది 25-30 సెంటీబార్లు చూపితే నీరు పెట్టాలి. కిందిది ఎప్పుడూ 10 లోపే ఉంటే వేర్లను దాటి నీరు పోతున్నట్టే, అరగంట తగ్గించండి. ఒక సీజను ఇలా చూశాక ఆటోమేటిక్ వాల్వులు కొనండి. మీ తోటకు ఏ అంకె దగ్గర మోటారు ఆగాలో అప్పటికి మీకే తెలిసి ఉంటుంది.

స్టార్టరులో డ్రై రన్ రక్షణ (బోరులో నీరు అందకపోతే మోటారును ఆపేది) ఉందో లేదో చూసుకోండి. బోరు ఆగి ఆగి పోస్తే మోటారు కాలిపోవచ్చు.

పూత కోసం నీరు ఆపి చెట్లను బెట్టకు వదిలే రోజుల్లో ఆటో మోడ్ తప్పకుండా తీసేయండి. నేల ఆరిందని సెన్సారు నీరు వదిలితే బెట్ట చెడి, పూత చెదురుతుంది.

బంక కారే చోట బెరడు గీకి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. ఆ చెట్ల డ్రిప్పర్లను మొదలుకు మీటరు దూరం జరపండి.