సమాధానం: గదిలో సిగ్నల్ నిలవకపోతే ఫోన్ ఇంటర్వ్యూ ఎలా?

తమ్ముడూ, కావలిలో మీ ఇంట్లో గదిలోకి రాగానే కాల్ కట్ అవుతోంది, సోమవారం చెన్నై కంపెనీ ఫోన్ ఇంటర్వ్యూకి మేడెక్కి మాట్లాడనా అని అడిగావు. మేడ వద్దు. గాలి మైకులో కొట్టి సగం మాటలు వినపడవు. బ్రాడ్‌బ్యాండ్ ఉందన్నావు కదా, ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చెయ్యి, టవర్ సిగ్నల్ బదులు ఇంటి వైఫై మీదుగా కాల్ వెళ్తుంది. జియో, ఎయిర్‌టెల్ రెండూ ఇస్తున్నాయి. కరెంటు పోతే రూటరూ ఆగిపోద్ది, దాన్ని ఇన్వర్టర్ లైన్లో పెట్టు. ఇవాళే స్నేహితుడితో పది నిమిషాలు మాట్లాడి చూసుకో.

కాల్ వెయిటింగ్ ఆపెయ్యి, మధ్యలో బీప్ రాదు. తెలియని నంబర్లను ఆపే సెట్టింగ్ ఉంటే తప్పకుండా తీసెయ్యి, హెచ్‌ఆర్ వాళ్లు ఎక్కువగా కొత్త నంబరు నుంచే చేస్తారు. బ్లూటూత్ కన్నా వైరు ఇయర్‌ఫోన్ నయం. అయితే దాని మైకు చొక్కా కాలరుకు రాసుకుంటే అవతల గరగరమంటుంది, వేళ్లతో కొంచెం ఎడంగా పట్టుకో. టేబుల్ ఫ్యాన్ పక్కకి తిప్పు.

రెజ్యూమె ప్రింటు, ఉద్యోగ ప్రకటన ఎదురుగా ఉంచుకో. పరిచయం నిమిషం, నిమిషంన్నరలో ముగించు. కాగితం మీద వాక్యాలు రాయొద్దు, ఐదారు మాటలు చాలు. చదివితే గొంతులో ఎత్తుపల్లాలు పోయి అవతలివాళ్లకి ఇట్టే తెలిసిపోద్ది. ప్రశ్న అయ్యాక ఒక్క క్షణం ఆగి మొదలుపెట్టు, లైన్ ఆలస్యం వల్ల మాటలు ఒకదానిమీద ఒకటి పడతాయి.

మొదట్లోనే "కట్ అయితే ఏ నంబరుకి చెయ్యమంటారు?" అని అడుగు. కట్ అయితే రెండు నిమిషాలు ఆగు, ఇద్దరూ ఒకేసారి చేస్తే బిజీ వస్తుంది. అప్పటికీ రాకపోతే నువ్వే చెయ్యి, దొరక్కపోతే వెంటనే మెయిల్ పెట్టు.