యూ-9 ఎన్ని ఓడలను ముంచింది?

జర్మనీలోని స్పైయర్ మ్యూజియంలో ఉన్న యూ-9 జలాంతర్గామి ఎన్ని ఓడలను ముంచింది, పిల్లలతో వెళ్లి చూడవచ్చా అని అడిగారు. ముంచినవి సున్నా. జర్మన్లు ఈ పేరును మళ్లీ మళ్లీ వాడారు, చిక్కంతా అక్కడే. 1914 సెప్టెంబరులో ఒక్క పూటలో మూడు బ్రిటిష్ క్రూయిజర్ యుద్ధనౌకలను ముంచిన యూ-9 వేరు. రెండో ప్రపంచయుద్ధంలో నల్లసముద్రంలో తిరిగి, 1944లో కాన్‌స్టాంట్సా రేవులో బాంబులకు బలైనది ఇంకొకటి. మీరు చూడబోయేది కీల్‌లో తయారై, 1967 నుంచి 1993 దాకా పశ్చిమ జర్మనీ నౌకాదళంలోనూ, తర్వాత ఏకమైన జర్మనీ నౌకాదళంలోనూ పనిచేసిన 205 రకం జలాంతర్గామి.

నేను విశాఖవాసిని. బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉన్న జలాంతర్గామి కుర్సురాను చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి. హైడెల్‌బర్గ్ దగ్గర ఉద్యోగం చేసే రోజుల్లో ఒక ఆదివారం మా అమ్మాయితో స్పైయర్ వెళ్లాను. చూడగానే "నాన్నా, ఇది కుర్సురా పిల్లా?" అంది. తప్పేమీ లేదు. కుర్సురా 91 మీటర్లు, ఇది అందులో సగం. సిబ్బంది 22 మందే.

ఇంత చిన్నదెందుకంటే, ఇది తిరగాల్సిన బాల్టిక్ లోతులేని సముద్రం, సగటున 55 మీటర్లు. పైగా పశ్చిమ జర్మనీ ఎంత బరువైన జలాంతర్గామి కట్టుకోవచ్చో యుద్ధం తర్వాతి ఒప్పందాలే నిర్ణయించాయి: మొదట 350 టన్నులు, తర్వాత 450. ఆ హద్దులో ముందుభాగాన ఎనిమిది టార్పెడో గొట్టాలు ఇరికించారు. లోపలి నుంచి వాటిలో టార్పెడోలు మళ్లీ నింపుకోవడానికి చోటు లేదు. రేవులో తోకను కాస్త ముంచి, ముక్కు పైకెత్తి, బయటి నుంచే నింపేవారు. నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే. మా ఇంట్లో అందరికీ విసుగొచ్చేదాకా చెప్పాను.

యుద్ధం చేయలేదని తేలిగ్గా తీసుకోకండి. యూ-9 సేవలో చేరడానికి కొన్ని నెలల ముందే, 1966 సెప్టెంబరులో, అదే నౌకాదళానికి చెందిన హై అనే పాత తీరప్రాంత జలాంతర్గామి ఉత్తర సముద్రపు తుపానులో మునిగింది. అందులోని 20 మందిలో ఒక్కరే బతికారు. యుద్ధమే లేని రోజులవి.

పిల్లలకు నిక్షేపంగా చూపించవచ్చు, లోపలికి వెళ్లనిస్తారు. వీపు సంచీ మాత్రం వద్దు. నడుమునొప్పి ఉన్న పెద్దవారిని బయటే కూర్చోబెట్టండి. నేను తల రెండుసార్లు కొట్టుకున్నాను, అమ్మాయి ఒక్కసారీ కొట్టుకోలేదు.